గ్రాడియస్, ఆర్-టైప్ అయిపోయాక ఏ పాత స్పేస్ షూటర్ ఆడాలి?

గ్రాడియస్, ఆర్-టైప్ రెండూ ఆడేశానని, ఆ కోవలోనే జనం పెద్దగా పట్టించుకోని పాత సైడ్ స్క్రోలింగ్ షూటర్ (స్క్రీన్ పక్కకు జరుగుతుంటే కాల్చుకుంటూ పోయే గేమ్) ఏదైనా ఉంటే చెప్పమని అడిగారు. నేనైతే గైయారెస్ పేరు చెబుతాను. టెలినెట్ జపాన్ 1990లో సెగా మెగా డ్రైవ్ అనే గేమ్ కన్సోల్ కోసం చేసిన గేమ్. అదే ఏడాది అదే మెషీన్ మీద థండర్ ఫోర్స్ 3 కూడా వచ్చింది. ఆ కాలం షూటర్ల గురించి మాట వస్తే అందరూ దాన్నే తలుచుకుంటారు, ఇది మరుగున పడిపోయింది. నాకు అది అన్యాయం అనిపిస్తుంది.

చాలా ఏళ్ల కిందట కాసేపు ఆడి పక్కన పెట్టిన గేమ్ ఇది. ఈమధ్య మళ్లీ మొదలుపెడితే వదలబుద్ధి కాలేదు. దానికి కారణం టోజ్.

టోజ్ అంటే మన షిప్‌ను అంటిపెట్టుకుని తిరిగే చిన్న యంత్రం. గ్రాడియస్‌లో క్యాప్సూల్స్ ఏరుకుని పవర్ పెంచుకుంటాం కదా, ఇక్కడ ఆయుధాలు శత్రువుల దగ్గరే ఉంటాయి. టోజ్‌ను విసిరితే అది వెళ్లి శత్రువుకు తగిలి, వాడి ఆయుధాన్ని కాపీ కొట్టి తెచ్చి మనకిస్తుంది. అదే రకం శత్రువు మీద మళ్లీ విసిరితే ఆ ఆయుధం బలం పెరుగుతుంది, మూడో లెవెల్ దాకా.

వినడానికి చిన్న మార్పే, కానీ ఆడే తీరే మారిపోతుంది. కుడి అంచు నుంచి కొత్త రకం శత్రువు వచ్చాడనుకోండి. చెయ్యి అలవాటుగా కాల్చేస్తుంది. కాలిస్తే వాడూ పోతాడు, వాడి ఆయుధమూ పోతుంది. అందుకని ఫైర్ బటన్ మీద నుంచి వేలు తీసి, వాడి బుల్లెట్లు తప్పించుకుంటూ సరిగ్గా వాడికి ఎదురుగా వచ్చి, అప్పుడు టోజ్‌ను వదలాలి. అది తిరిగి వచ్చేదాకా ఉండే టెన్షన్ నాకు మరే షూటర్‌లోనూ ఎదురవలేదు. ఆర్-టైప్‌లో షిప్‌కు తగిలించుకునే ఫోర్స్ అనే గోళాన్ని కూడా ముందుకు విసురుతాం, నిజమే. కానీ అక్కడ శత్రువు అంటే అడ్డు తొలగించుకోవాల్సిన వాడు మాత్రమే. ఇక్కడ వాడిని చంపాలా, వాడి దగ్గర ఏముందో చూడాలా అని ప్రతిసారీ తేల్చుకోవాలి.

కథ కూడా బాగుంటుంది. కాలుష్యంతో భూమి పాడైపోయి ఉంటుంది, ఆ విషపదార్థాలతోనే ఆయుధాలు చేయాలని అంతరిక్ష దొంగల ముఠా ఒకటి దిగుతుంది. మొదట్లో వచ్చే బొమ్మల కథను ఒక్కసారైనా స్కిప్ చేయకుండా చూడండి.

గేమ్ మాత్రం చాలా కష్టం, ముందే చెబుతున్నాను. మొదట దొరికిన ఆయుధంతో సర్దుకుపోవద్దు. కొన్ని నేరుగా దూసుకెళ్తాయి, కొన్ని ఒకేసారి పలు దిక్కులకు చిమ్ముతాయి. ఏ శత్రువు దగ్గర ఏది ఉందో గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. బాస్ (స్టేజ్ చివర వచ్చే పెద్ద శత్రువు) దగ్గరికి వెళ్లేలోపే నచ్చినదాన్ని మూడో లెవెల్‌కు తెచ్చుకోండి, అక్కడికి వెళ్లాక అంత తీరిక దొరకదు.

ఇంకో మాట. కొత్త టీవీలో ఆడేట్టయితే సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేసుకోండి. బటన్ నొక్కాక స్క్రీన్ మీద కాస్త ఆలస్యమైనా టోజ్ గురి తప్పుతుంది.