సున్నం తడి ఆరని గోడలు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల తొలి నాలుగు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి పెన్సిలు పట్టుకుని. నెల్లూరు సీమలోని ఒక పల్లె నుంచి 1876లో చెన్నపట్నం వచ్చిన ఆ కుర్రవాడు, అతను పనికి కుదిరిన అచ్చుకూటం యజమాని, పూటపూటా అన్నం పెట్టే పూటకూళ్ళమ్మ, ముగ్గురూ కళ్ళ ముందు నిలిచారు. మనుషుల గురించి నేను నీకు చెప్పవలసింది పెద్దగా లేదు. వాళ్ళు నడిచే వీధుల గురించే ఈ ఉత్తరం.

రెండో అధ్యాయంలో ఇలా రాశావు: "కాలం మరచిన ఆ పురాతన సౌధాల నీడలో అతను మౌనంగా నడిచాడు." నా పెన్సిలు అక్కడే ఆగిపోయింది. ఏ సౌధాలమ్మా అవి? చైనాబజారు రోడ్డులో, ఏథెన్సు నగరపు గుడిని నమూనాగా తీసుకుని కట్టిన పచ్చయప్ప హాలా? అది పూర్తయింది 1850లో. నీ కుర్రవాడు దాని ముందు నడిచేనాటికి దానికి ఇరవై ఆరేళ్ళు. రాయపురం స్టేషనుకు ఇరవై. ఆండర్సన్ చర్చికి పదిహేడు. సెంట్రల్ స్టేషనుకు మూడంటే మూడు. అతని కళ్ళకు అవన్నీ కొత్తవి. కొన్ని ఇంకా కడుతున్నారు, కొన్ని ఎవరి ఊహలోనూ లేవు. పోయిన ఏడాది నువ్వు ఆ వీధుల్లో తిరిగి వచ్చావు కదా. పెచ్చులూడిన గోడలు, పిట్టగోడల మీద మొలిచిన రావి మొక్కలు, వేలాడే కరెంటు తీగలు చూశావు. నీ కళ్ళతో చూసినదాన్ని అతని కళ్ళకు అంటించావు. నూట యాభై ఏళ్ళు అతని పుట్టుకకు ముందు గడవలేదు, అతను ఆ వీధుల్లో నడిచాక గడిచాయి.

నిజంగా పాతది చూపించాలనుకుంటే అతనికి ఊరి గోడ ఉంది. హైదరాలీ దండు వచ్చి పడుతుందనే భయంతో ఉత్తరానా పడమరా కట్టిన ఆ కోటగోడ 1772 నాటిది. అతని కాలానికే చాలాచోట్ల కూల్చేశారు. ఇప్పటికీ ఒక ముక్క మిగిలి ఉంది, దాని మీద తోట పెంచారు, మాడి పూంగా అంటారు. ఆ గోడ పక్కన అతణ్ని నడిపించు, 'పాత' అనే మాట వాడుకో, నాకు అభ్యంతరం లేదు.

ఇదే తప్పు నేనూ చేశాను. నా తొలి కథల్లో ఒకదానిలో, 1880 ప్రాంతంలో ఒక గుమాస్తా ఎర్రటి హైకోర్టు గోపురాల మీద సూర్యోదయం చూస్తాడు. కథ అచ్చయిన నెలకు ఒక పెద్దాయన దగ్గర నుంచి కార్డు వచ్చింది. "నాయనా, హైకోర్టు 1892లో తెరిచారు. మీ గుమాస్తా చూసిన చోట మైదానం ఉండేది, అందులో 1844 నుంచి వెలుగుతున్న లైట్‌హౌసు స్తంభం ఉండేది" అని రెండే వాక్యాలు. చాలా రోజులు ఆ కార్డును బల్ల మీదే ఉంచుకున్నాను. ఆ గోపురాలు లేని తూర్పు దిక్కు ఎంత ఖాళీగా ఉండేదో ఊహించుకోవడం మొదలుపెట్టాను. ఖాళీ మైదానం, ఒంటరిగా ఒక రాతి స్తంభం, దాని వెనక నీళ్ళు. ఆ దృశ్యం నేను రాసిన సూర్యోదయం కంటే ఎంతో బాగుంది.

అందుకే చెబుతున్నాను, పెరుగుతున్న పేటను రాసేటప్పుడు ముందు ఒక సంవత్సరాన్ని గట్టిగా పట్టుకో. పందొమ్మిదో శతాబ్దం అంటే సరిపోదు. 1876 అనుకున్నావు కాబట్టి వీధుల్లో ట్రాము లేదు, అది 1895లో వస్తుంది. బ్యాంక్ ఆఫ్ మద్రాసు ఎర్ర భవనం 1897 నాటిది. దాన్ని కట్టిన తాటికొండ నంబెరుమాళ్ చెట్టి మన తెలుగు కోమటి, నీ కథ జరిగేనాటికి ఇరవై ఏళ్ళవాడు. నీకు మరో నవల రాయాలనిపిస్తే ఆయన మీద రాయి. జార్జ్‌టౌన్ అనే పేరు 1906లో పెట్టారు, నీ పాత్రలెవరూ ఆ మాట అనకూడదు. వాళ్ళకది ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేట, దొరలకు బ్లాక్‌టౌను, మన పల్లెలవాళ్ళకు పట్నం, అంతే. రెండు పేటల మధ్య ఉన్న బ్రాడ్వే ఒకప్పుడు పల్లపు కాలువ. పోఫం అనే దొర దాన్ని పూడ్పించి రోడ్డు వేయించాడు. ఈనాడు దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు. ఆర్మీనియన్ వీధిని అరవ జనం 'అరణ్మనైకారన్ వీధి' అంటారు, కోటవారి వీధి అన్నట్టు. నోరు తిరగని పేరును తమ మాటలోకి లాక్కున్నారు. నీ పూటకూళ్ళమ్మ కూడా అలాగే ఏదో అంటుంది, ఏమంటుందో చెవిపెట్టి విను. తంగసాల వీధిలో టంకసాలను 1869లోనే మూసేశారు. నాణేలు పోయినా పేరు నిలిచింది, ఆ పేరు తెలుగు పుస్తకాల ముఖపత్రాల మీదికి ఎక్కింది. వావిళ్ళ రామస్వామి శాస్త్రులు గారు చెన్నపట్నంలో అచ్చుకూటం పెట్టింది 1854లో. కాబట్టి నీ కుర్రవాడు వచ్చేనాటికి తెలుగు అచ్చు పని ఆ ఊళ్ళో ఒక తరం దాటిన వృత్తి. యజమానిని మార్గదర్శిలా చూపించావు, కొంచెం తగ్గించు.

ఇక ప్రయాణం. అతను నెల్లూరులో రైలెక్కి సెంట్రల్లో దిగాడని రాశావు. 1876లో నెల్లూరికి రైలు లేదు. 1856 జూలై 1న రాయపురం నుంచి బయలుదేరిన మొదటి రైలు పడమరగా ఆర్కాటు వైపు వెళ్ళింది. ఉత్తరాన తీరం వెంట పట్టాలు పడటానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఈ పొరపాటుకు బాధపడకు, నీకు దీనివల్ల మేలే జరిగింది. అతణ్ని పడవలో తీసుకురా. ఎన్నూరు దాకా 1806లో తవ్విన ఉప్పునీటి కాలువను తర్వాత పులికాట్ దాటి ఉత్తరంగా పొడిగించారు. గాలి ఉంటే చాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. పడవల్లో పట్నానికి ఏమేం వచ్చేవి? వంటకు కట్టెలు, ఉప్పు, ఇంకా గుల్ల. పులికాట్, ఎన్నూరు ఉప్పుటేరుల్లో దొరికే ఆ గుల్లతోనే పట్నం సున్నం తయారయ్యేది. నీ కుర్రవాడు గుల్ల బస్తాల మీద తల పెట్టుకుని నిద్రపోతూ పట్నం చేరితే ఎలా ఉంటుందో ఆలోచించు. అతను ముందు ముందు తిరగబోయే గోడలన్నీ ఆ పడవలో అతని తల కింద ఉన్నాయి.

సున్నం సంగతి ఇంకొంచెం చెప్పనివ్వు, నాకు ఇష్టమైన విషయం. గుల్లను బట్టీలో కాల్చి, నీళ్ళు చల్లి విరిసేలా చేసి, ఇసుక కలిపి గానుగలో నూరేవారు. గోడకు చివరి పూత వేసేటప్పుడు మెత్తని సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి కలిపి, నున్నటి రాళ్ళతో గంటల తరబడి రుద్దేవారు. ఓడ దిగిన దొరలు దాన్ని చూసి పాలరాయి అనుకునేవారు. ఇక మిద్దె. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను అంచుల మీద నిలబెట్టి, ఏటవాలు వరుసల్లో సున్నంతో అతికేవారు. కింద బల్లల ఊతం లేకుండానే ఒక వరుస ఇంకో వరుసను పట్టుకుని నిలిచేది. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన పొర పరచి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ కొయ్య బడితెలతో కొట్టేవారు. ఒక రోజు పని కాదు, అనేక రోజులు. కొట్టేవాళ్ళు ఆడకూలీలు, వరుసగా కూర్చుని, అందరి చేతులూ ఒకేసారి లేచి ఒకేసారి పడేలా పాట పాడుకుంటూ.

నా చిన్నతనంలో తంగసాల వీధిలో మా పెద్దనాన్న కాగితాల దుకాణం ఉండేది. వేసవి సెలవుల్లో అక్కడికి వెళ్ళేవాణ్ని. ఎదురింటి పాత మిద్దె కారుతోందని మరమ్మతు చేశారు. అప్పటికే ఆ పని తెలిసిన మేస్త్రీలు అరుదు. ఎనిమిది మంది ఆడవాళ్ళు నాలుగు రోజులు కొట్టారు. ఆ దబ్బు దబ్బు చప్పుడు మధ్యాహ్నం నిద్రలో కూడా వినిపించేది. 1876లో ప్రతి వీధిలోనూ ఏదో ఒక మిద్దె మీద ఆ చప్పుడు వినబడుతూ ఉండి ఉంటుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తట్టింది. ఊరు పెరగడం అంటే చెవికి వినిపించేది అదే. నీ నాలుగు అధ్యాయాల్లో ఎక్కడా ఎవరూ ఏదీ కట్టడం లేదు. ఒక్క సారువ కర్ర లేదు, ఒక్క ఇటుకల కుప్ప లేదు. ఆ కుర్రవాడి ధోవతి అంచుకు సున్నం అంటలేదు.

నువ్వు ఫోటోలు చూసి రాశావని తెలుస్తోంది, ఎందుకంటే నీ వీధులు ఖాళీగా ఉన్నాయి. ఆ కాలపు ఫోటోలను నమ్ముకునేవాళ్ళందరికీ జరిగే మోసం ఇది. గాజు పలక మీద మందు పూసి, తడి ఆరకముందే బొమ్మ తీయాలి. వెలుగు పడటానికి కొన్ని సెకన్లు పట్టేది. ఆ కాసేపట్లో కదలనివి మాత్రమే పలక మీద నిలిచాయి. గోడలు, స్తంభాలు, అరుగు మీద కునుకు తీసే ముసలివాడు మిగిలారు. జట్కాలు, పల్లకి బోయీలు, నెత్తిన బుట్టలతో పోయే ఆడవాళ్ళు పొగలా చెరిగిపోయారు. 1871 జనాభా లెక్కల్లో ఆ నగరంలో 3,97,552 మంది ఉన్నారు. అందులో ఈ పేటలే అన్నిటికంటే కిక్కిరిసినవి. ఫోటోలో పొగమరక కనిపించిన చోటల్లా ఒక మనిషి ఉన్నాడనుకో. నీ పని ఆ మరకలతోనే.

నీళ్ళ విషయం మర్చిపోకు. ఎర్రకొండల చెరువు నీళ్ళు నగరానికి వచ్చింది 1872లో. పూటకూళ్ళమ్మ నలభై మందికి వండుతుంది, తన బావి నీళ్ళు ఉప్పగా ఉంటే తాగునీళ్ళు ఎవరు తెస్తారు? కొత్తగా వచ్చిన నీళ్ళ మీద ఆమెకు నమ్మకం ఉందా? ఆచారం పాటించే ఆడమనిషి గొట్టంలో వచ్చిన నీళ్ళతో మడి వంట చేస్తుందా? ఇవి చిన్న ప్రశ్నలు కావు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో ఇదే పట్నం నుంచి కాశీకి వెళ్తూ ప్రతి మజిలీలో నీళ్ళు ఎలాంటివి, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా అని రాసుకున్నారు. అప్పటి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే మాటలు తర్జుమా చేసే ఉద్యోగిగా, పనిచేసిన మనిషికి అవి రాయదగ్గ విషయాలుగా తోచాయి. ఆయన వచనం నెమ్మదిగా చదువు. ఆ శతాబ్దపు తెలుగు మనిషి దేన్ని గమనించేవాడో అందులో ఉంది.

సముద్రం గురించి ఒక్క మాట. రేవు గోడలకు 1875 చివర్లో శంకుస్థాపన జరిగింది, అంటే నీ కథలో రాళ్ళు ఇంకా నీళ్ళలో పడుతూనే ఉన్నాయి. ఓడలు దూరంగా లంగరు వేసి ఉంటే, మేకు లేకుండా కొబ్బరి తాళ్ళతో కుట్టిన మసూలా పడవలు అలల మీద సరుకు మోసేవి. బీచి రోడ్డుకు అవతల వెంటనే ఇసుక, కెరటాలు. ఈనాడు ఆ వీధుల్లో సముద్రం వినిపించదు. అతనికి రాత్రి పడుకుంటే వినిపించేది.

ఇక చివరగా, నన్ను నిజంగా కలవరపెట్టిన సంగతి. నీ నాలుగో అధ్యాయం 1876 నవంబరులో జరుగుతుంది. అతను జీతం అందుకుని, బజారులో దీపాలు చూసి, సంతోషంగా ఇంటికి వస్తాడు. ఆ ఏడాది రెండు రుతుపవనాలూ మొహం చాటేశాయి. కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాల్లోనూ, నీ కుర్రవాడి సొంత నెల్లూరులోనూ పైరు మాడిపోయింది. పల్లెలు ఖాళీ చేసి జనం పట్నం దారి పట్టారు. ఓడల్లో వచ్చిన ధాన్యం బస్తాలు సముద్రపు ఒడ్డున గుట్టలుగా పడి ఉన్నాయి. ఆ బస్తాల పక్కనే పస్తులున్న మనుషులు కూర్చున్నారు. 1878 దాకా సాగిన ఆ కరువులో లక్షల మంది చనిపోయారు. అతను ఎక్కివచ్చిన కాలువను దక్షిణాన అడయారు దాకా కలిపే పనిని 1877-78లో కరువు పనిగా పెట్టి, కూలి కోసం వచ్చిన ఆకలి మనుషుల చేత తవ్వించారు. గవర్నరు పేరు మీద దాన్ని బకింగ్‌హాం కాలువ అన్నది ఆ తర్వాతే. నువ్వు 1876ను ఎందుకు ఎంచుకున్నావో నాకు తెలియదు, కానీ ఎంచుకున్నాక దాని నుంచి తప్పించుకునే వీలు లేదు. అతను జీతం డబ్బులతో నడిచి వచ్చే ఆ రోడ్డు మీద అతని ఊరివాళ్ళు ఉన్నారు. అతని యాసలోనే అడుక్కుంటున్నారు. ఆ మాట వినిపించగానే తల తిప్పుకుంటాడా, ఆగుతాడా అన్నది నువ్వు తేల్చుకోవాలి.

మొదటి రెండు అధ్యాయాలు తిరగరాయడానికి తొందరపడకు. ముందు ఐదోది రాయి. వీధి వైపు అరుగున్న ఇల్లు అని నువ్వే రాశావు. ఆ డిసెంబరు రాత్రుల్లో పూటకూళ్ళమ్మ అరుగు మీద ఎవరు పడుకున్నారు, తెల్లవారి తలుపు తీశాక ఆమె వాళ్ళతో ఏమంది, అదొక్కటీ రాసి పంపు. ఎదురుచూస్తూ ఉంటాను.