గురక పేషెంటు నీ కుర్చీలో కూర్చున్నప్పుడు

చిరంజీవి సుధకు, బాబాయి ఆశీస్సులు.

గురక పేషెంటు వస్తే పళ్ల డాక్టర్లం మనమేం చేయాలని మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పుడే ఒక మాట చెప్పి ఊరుకోవచ్చు. కానీ ల్యాబ్ అతను "గురకకి అప్లయన్స్ చేసిస్తాం మేడమ్, పళ్ల అచ్చులు పంపండి చాలు" అన్నాడని సంబరంగా చెప్పావు చూడు, అక్కడే నా గుండె ఝల్లుమంది. నేనూ అలాగే మొదలుపెట్టాను మరి.

చాలా ఏళ్ల కిందట ఒకాయన్ని భార్య వెంటబెట్టుకుని వచ్చింది. పక్కగదిలో పడుకున్నా ఆయన గురకకి కన్ను మూతపడటం లేదని ఆవిడ గోడు. నేను అచ్చులు తీసి, కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచే అప్లయన్స్ చేసిచ్చాను. గురక తగ్గింది. ఆవిడ స్వీట్ల డబ్బా కూడా పట్టుకొచ్చింది. ఏడాది తిరక్కుండానే ఆయన బీపీ ఎంతకీ అదుపులోకి రాకపోతే ఫిజీషియన్ స్లీప్ స్టడీ, అంటే రాత్రి నిద్రలో ఊపిరి ఎలా సాగుతోందో చూసే పరీక్ష చేయించారు. నా అప్లయన్స్ పెట్టుకుని పడుకున్న రాత్రి కూడా గంటకు 34 సార్లు ఊపిరి తడబడుతోంది. చప్పుడు పోయింది, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు (స్లీప్ ఆప్నియా) అలాగే ఉంది. ఆ చప్పుడు వినపడకపోయేసరికి ఇంట్లోవాళ్లూ పట్టించుకోవడం మానేశారు. ఆ డబ్బా గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందుకే తల్లీ, స్లీప్ స్టడీ రిపోర్టు చూడకుండా అచ్చు తీయకు. జబ్బు ఉందా లేదా తేల్చాల్సింది నువ్వూ నేనూ కాదు, నిద్ర జబ్బులు చూసే డాక్టరు. ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో 10 సెకన్లు దాటితే ఒకటిగా లెక్క. అది గంటకు 5 నుంచి 15 దాకా ఉంటే స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. తీవ్రంగా ఉన్నవాళ్లని ముందు సీప్యాప్ వైపే పంపాలి, అదే, మాస్కు గుండా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే మెషీన్. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ బృందం ఆ పద్ధతిని లోకానికి చెప్పినప్పటి నుంచీ ఊపిరి ఆగడాన్ని తగ్గించడంలో దాని ముందు మన అప్లయన్స్ చిన్నదే. కానీ ముక్కుకి మాస్కు పడక మెషీన్‌ని మంచం కింద తోసేసేవాళ్లు చాలామంది. మనం పనికొచ్చేది అక్కడ. 2015లో అమెరికా నిద్ర వైద్యులూ, నిద్ర జబ్బులు చూసే పళ్ల డాక్టర్లూ కలిసి ఇచ్చిన సూచనల్లోనూ అదే ఉంది: సీప్యాప్ భరించలేనివాళ్లకి, వద్దన్నవాళ్లకి వైద్యం లేకుండా వదిలేయడం కంటే అప్లయన్స్ మేలు, అదీ పేషెంటు నోటికి కొలిచి చేసి, జరుపుకోవడానికి వీలుండేదైతే. వేడినీళ్లలో ముంచి కొరికే రెడీమేడ్‌వి ఆన్‌లైన్లో దొరుకుతాయి, వాటి జోలికి పోకు.

అసలు మన పని అచ్చు తీయడానికి చాలా ముందే మొదలవుతుంది. గురకంటూ డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు తక్కువ, క్లీనింగ్‌కి మన దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువ. నా కుర్చీలో ఒక లారీ డ్రైవర్ స్కేలర్ కీచుమంటుంటేనే నిద్రలోకి జారుకున్నాడు, నోరు తెరిచే ఉంది. నాలుక అంచుల మీద పళ్ల అచ్చులు వరసగా, కత్తిరించిన పూరీ అంచులా. పళ్లు అరిగి చదునయ్యాయి. కొండనాలుక కనపడనే లేదు. అతన్ని లేపి "పగలు బండి నడుపుతుంటే ఇలాగే వస్తుందా?" అనడిగితే తల దించుకున్నాడు. ఆ రోజే నిద్ర జబ్బుల డాక్టరుకి ఉత్తరం రాసిచ్చి పంపాను.

నోరు తెరిచి నాలుక చాపమని గొంతు చూసే ఆ పద్ధతి ఉంది కదా, మల్లంపాటి స్కోరు. ఆ పేరు గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి బోస్టన్‌లో మత్తు డాక్టరుగా చేసిన మల్లంపాటి శేషగిరిరావుగారిది. 1985 నాటి పేపర్. మత్తిచ్చేటప్పుడు ఊపిరికోసం గొంతులో గొట్టం వేయడం కష్టమవుతుందేమో ముందే కనిపెట్టడానికి ఆయన చెప్పింది మనకి ఇలా అక్కరకొస్తోంది. దాంతోపాటు స్టాప్‌బ్యాంగ్ ప్రశ్నలు అడుగు: గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ. ఆపైన బరువు, 50 దాటిన వయసు, 40 సెంటీమీటర్లు దాటిన మెడ, మగవాళ్లా అన్నది. మూడింటికి అవునంటే డాక్టరు దగ్గరికి పంపు. సన్నగా ఉన్నాడు కదా అని వదిలేయకు, కింది దవడ చిన్నదిగా వెనక్కి ఉంటే సన్నవాళ్లకీ వస్తుంది.

ఇక డాక్టరు అప్లయన్స్ రాసి పంపారనుకో. ముందు నోరు బాగుచేయి. ఫిల్లింగులు, క్యాపులు అన్నీ అయ్యాకే అచ్చు. తర్వాత కొత్త క్యాప్ వేస్తే అప్లయన్స్ ఎక్కదు, ల్యాబ్ ఖర్చు నీ నెత్తిన పడుతుంది. కదిలే పళ్ల మీద అసలే వద్దు. పైనా కిందా ఎనిమిదేసి గట్టి పళ్లు లేకపోతే పట్టు దొరకదు. దవడ ఎంత ముందుకొస్తుందో జార్జ్ గేజ్ అనే కొలబద్దతో కొలువు. 10 మిల్లీమీటర్లు వస్తే 5 దగ్గర మొదలుపెట్టి, వారం రెండు వారాలకోసారి అర మిల్లీమీటరు చొప్పున జరుపు. తొందరపడి ఒకేసారి ముందుకు లాగితే పొద్దున లేచి దవడ పట్టుకుని నీ దగ్గరికే వస్తారు.

మొదటి వారాల్లో నోట్లో నీళ్లూరడం, పొద్దున్నే పళ్లు కుదరనట్టు ఉండటం మామూలే. చిన్న కొరుకుడు పలక ఇచ్చి, లేవగానే కాసేపు కొరకమను. కానీ ఏళ్లు గడిచేకొద్దీ వెనక పళ్లు ఆనకపోవడం, ముందు పళ్లు జరగడం నిజంగానే జరుగుతాయి. ఈ మాట మొదటిరోజే చెప్పి, సంతకం తీసుకుని, ఫొటోలు, నమూనాలు దాచుకో. జరపడం అయ్యాక అప్లయన్స్ పెట్టుకుని మళ్లీ స్లీప్ స్టడీకి పంపడం మర్చిపోకు. నేను ఎగ్గొట్టింది అదే. ఆ తర్వాత ఆరు నెలలకి, అక్కణ్ణుంచి ఏటేటా పిలిపించు.

పిల్లలు నోటితో ఊపిరి పీలుస్తూ గురక పెడుతుంటే ముందు ఈఎన్‌టీ దగ్గరికి పంపు, ఎక్కువసార్లు టాన్సిల్సే కారణం. అంగిలి ఇరుకైతే వెడల్పు చేయడం కొందరికి ఉపయోగపడుతుంది. తల్లిదండ్రులకి అంతకుమించి ఆశపెట్టకు.

అన్నట్టు, ఈ మధ్య మీ నాన్న పేపరు చేతిలో పట్టుకుని పొద్దున పదింటికల్లా జోగుతున్నాడని వదిన అంటోంది. టేపు తీసుకుని ముందు అన్నయ్య మెడ కొలిచి నాకు ఫోన్ చెయ్యి.

మీ బాబాయి