టెలీమెడిసిన్‌లో నర్సు పని ఫోన్లెత్తడమేనా?

ప్రశ్న: మా అమ్మాయి విజయనగరంలో బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. యూనివర్సిటీ ఆసుపత్రుల టెలీమెడిసిన్ విభాగంలోనే చేరతానని పట్టుబడుతోంది. స్క్రీన్ మీద మాట్లాడేది డాక్టరే కదా, నర్సుకు ఫోన్లెత్తే పని తప్ప ఇంకేముంటుందని నా భయం. వార్డు ఉద్యోగం వద్దనుకుని అటు వెళ్లడం మంచిదేనా? - ఒక తండ్రి

జవాబు: మీ భయం నాకు అర్థమైంది. కానీ ఈ రంగంలో బాగా పేరున్న ఒక యూనివర్సిటీ కార్యక్రమాన్ని నిలబెట్టింది నర్సేనని మీకు ముందు చెప్పాలి. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని చిన్న ఊళ్ల ఆసుపత్రులకు ఎమర్జెన్సీ డాక్టర్లు దొరికేవారు కాదు. 2003లో అక్కడి యూనివర్సిటీ మెడికల్ సెంటర్ 'టెల్‌ఎమర్జెన్సీ' మొదలుపెట్టింది. రోగి పక్కన ప్రత్యేక శిక్షణ పొందిన నర్స్ ప్రాక్టీషనర్ ఉంటారు, జాక్సన్ నగరం నుంచి డాక్టరు వీడియోలో తోడుంటారు. ఆ పని ముందుండి నడిపించిన క్రిస్టీ హెండర్సన్ స్వయంగా నర్స్ ప్రాక్టీషనర్. 2017లో అక్కడి కేంద్ర ప్రభుత్వం టెలీహెల్త్‌కు రెండే రెండు జాతీయ ఎక్సలెన్స్ సెంటర్లను ఎంపిక చేస్తే వాటిలో ఇదొకటి.

అయితే అక్కడి నర్స్ ప్రాక్టీషనర్లు పీజీ చదివినవాళ్లు, మందులు రాసే అధికారం ఉన్నవాళ్లు. మన దగ్గర అలా కాదు. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మందులు రాయాల్సింది రిజిస్టర్డ్ డాక్టరే. ఈ తేడా మీ అమ్మాయికి ఇప్పుడే తెలియాలి.

మరి నర్సు చేసేదేమిటి? పల్లెలోని క్లినిక్‌కు ఒక పెద్దావిడ కడుపునొప్పితో వచ్చిందనుకోండి. డాక్టరు ఎక్కడో దూరాన ఉన్న మెడికల్ కాలేజీలో ఉన్నారు. బీపీ, షుగరు చూసి, పాత చీటీలు ఫొటో తీసి ముందే పంపేది నర్సు. రోగి తానుగా డాక్టర్ని సంప్రదిస్తే సమ్మతి ఉన్నట్టే లెక్క. నర్సు మొదలుపెడితే మాత్రం ఆవిడను విడిగా అడిగి సమ్మతి తీసుకోవాలి. 'కుడివైపు పక్కటెముకల కింద నొక్కి, గట్టిగా ఊపిరి పీల్చమనండి' అని డాక్టరు చెబితే నొక్కాల్సిన చెయ్యి నర్సుదే. ఆవిడ నొప్పికి ఊపిరి మధ్యలోనే ఆపేసిందా, ఊరికే బెదిరిందా అన్నది కెమెరాలో సరిగ్గా తెలియదు. పక్కనున్న మనిషే చూసి చెప్పాలి. నెట్ పోతే ఫోన్‌లో కలపాలి. ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలో విడమరిచి చెప్పి, నాలుగు రోజులాగి ఎలా ఉందో కనుక్కోవాలి. ఇంత బాధ్యతను ఫోన్లెత్తే పని అంటే నేను ఒప్పుకోను.

యూనివర్సిటీ వైపు ఇంకా చాలామంది ఉంటారు. లక్నోలోని సంజయ్ గాంధీ పీజీఐ అనే పెద్ద వైద్య సంస్థలో టెలీమెడిసిన్ కోసం ఏకంగా ఒక స్కూలే ఉంది. దాన్ని కట్టిన డాక్టర్ ఎస్.కె. మిశ్రా ఎండోక్రైన్ (హార్మోన్ గ్రంథుల) సర్జన్. ఒడిశా మెడికల్ కాలేజీలను ఇస్రో ఉపగ్రహం ద్వారా లక్నోతో కలిపినప్పుడు డాక్టర్లతో పాటు నెట్‌వర్క్ ఇంజినీర్లు, టెక్నీషియన్లు కూడా పనిచేశారు. ఏ స్పెషలిస్టు ఏ గంటకు ఖాళీగా ఉంటారో చూసి, రెండు వైపులా కుదిర్చే కోఆర్డినేటర్ లేకపోతే అంత ఏర్పాటూ ఆగిపోతుంది. నా ఉద్దేశంలో వార్డు తెలిసిన నర్సుకు బాగా నప్పే కుర్చీ అదే.

అందుకే ముందు రెండేళ్లు ఐసీయూలోనో, క్యాజువాలిటీలోనో చేయమనండి. మంచం పక్కన నిలబడి రోగిని చూసిన అనుభవం లేకపోతే స్క్రీన్ ముందు చెప్పడానికేమీ ఉండదు. తర్వాత దగ్గరి దారి మన రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎంఎల్‌హెచ్‌పీలు (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు) అంటున్న పోస్టుల్లో బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లే ఉన్నారు. గ్రామ క్లినిక్ నుంచి ఈసంజీవని అనే ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవలో రోగిని డాక్టరుకు కలిపే పని వాళ్లది. రోజూ రోగులతో ఈ పని చేసినవాళ్లను ఇంటర్వ్యూలో ఎవరూ తేలిగ్గా తీసుకోలేరు. పై చదువుకైతే క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ఉంది. మనసు మానసిక ఆరోగ్యం వైపు ఉంటే సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఎంఎస్సీ చేయొచ్చు. బెంగళూరు నిమ్హాన్స్ ముందుండి నడిపిస్తున్న టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, అంటే 14416, 2022 అక్టోబరు నుంచి ఉంది.

మూడు నెలల సర్టిఫికెట్‌తో టెలీమెడిసిన్ ఉద్యోగం గ్యారంటీ అనే ప్రకటనలకు మాత్రం డబ్బు కట్టకండి.

జీతం సంగతి కూడా దాచను. యూనివర్సిటీల్లో ఈ పోస్టులు తక్కువ, వాటిలోనూ ప్రాజెక్టు నిధులతో నడిచే కాంట్రాక్టు ఉద్యోగాలుంటాయి. చేతిలో పర్మనెంట్ వార్డు ఉద్యోగం ఉంటే దాన్ని వదిలేయొద్దు. అదే ఆసుపత్రిలో టెలీమెడిసిన్ డ్యూటీ ఉందేమో అడగమనండి. బయట ఆఫర్ వస్తే చేరే ముందే మూడు విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోవాలి: పోస్టు మంజూరైనదా లేక ప్రాజెక్టుదా, నిధులు ఎప్పటివరకు ఉన్నాయి, అక్కడి సర్వీసు తర్వాత నర్సింగ్ అనుభవంగా లెక్కకొస్తుందా.