హార్స్‌పవర్ ఎక్కువున్న స్పోర్టీ కారే ముందు 100 అందుకుంటుందా?

అక్కర్లేదు, 0 నుంచి 100 కి.మీ. వేగం అందుకోవడంలో కారు బరువు, టైర్ల పట్టు కూడా హార్స్‌పవర్ అంత ముఖ్యమే. ముందు చక్రాలతో నడిచే కారులో ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే బరువు వెనక్కి వాలిపోయి, ముందు టైర్లు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. శక్తి అక్కడే వృథా.

2018 తర్వాతి మాజ్డా ఎంఎక్స్-5 రెండు లీటర్ల మోడల్‌ది 184 హార్స్‌పవర్, ఏడో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐది 220. అయినా కంపెనీ లెక్కల్లో రెండూ దాదాపు 6.5 సెకన్లే! మాజ్డా సుమారు పావు టన్ను తేలిక, పైగా దాన్ని నడిపించేది వెనక చక్రాలు, గోల్ఫ్‌నేమో ముందు చక్రాలు.

టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) ఎక్కువుంటే చాలనుకోవడం అపోహ. గోల్ఫ్‌ది 350 న్యూటన్ మీటర్లు, మాజ్డాది 205 మాత్రమే. కానీ ఆ బలాన్ని గేర్లు పెంచి చక్రాలకు అందిస్తాయి. 7,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తిరిగే మాజ్డా ఇంజిన్ చిన్న గేర్‌లోనే ఎక్కువసేపు లాగగలదు. 100 దాటాక గాలి నిరోధం బాగా పెరుగుతుంది, దాన్ని ఎదిరించాలంటే హార్స్‌పవరే కావాలి కాబట్టి, అక్కడ మాత్రం గోల్ఫ్‌దే పైచేయి.