రికవరీ ఫోన్లు వస్తున్న మేనల్లుడికి

చి. హరికి,
చిత్తూరు నుంచి మామ ఆశీస్సులు.

పర్సనల్ లోనుకు రెండు వాయిదాలు తప్పాయనీ, రికవరీ వాళ్లకు జడిసి సెల్లు ఆపేసి తిరుగుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. తిరుపతిలో టాక్సీ నడిపేవాడివి, ఫోన్ ఆపేస్తే ముందు పోయేది నీ బేరాలే. నువ్వు దొరక్కపోతే వాళ్లు మీ అమ్మకూ, నీ బామ్మర్దికీ చేస్తారు. ముందు ఫోన్ ఆన్ చెయ్యి నాయనా.

బ్యాంకులో లోన్ల సెక్షన్ చూసినవాణ్ణి, అవతలివైపు ఎట్లుంటుందో నాకు తెలుసు. నీకు ఫోన్ చేసేది చాలాసార్లు బ్యాంకు మనిషి కాదు, ఏజెన్సీ కుర్రాడు. నిన్ను కంగారుపెట్టి ఈ పూటే ఎంతో కొంత వేయించుకోవాలన్నది వాని తాపత్రయం. ఆ కంగారులో నీ నోట మాట జారకుండా చూసుకో, చాలు.

ఫోన్ ఎత్తగానే పేరు, ఏజెన్సీ, ఏ లోను గురించో అడుగు. డీజిల్ లెక్కలు రాసుకునే నోటుబుక్కు కార్లో ఉంటుంది కదా, దాని వెనక పేజీల్లో తేదీ, టైముతో రాసిపెట్టు. కాల్ రికార్డింగ్ ఆన్ చేసుకో. తర్వాత నువ్వు చెప్పాల్సింది ఇంతే: "బాకీ ఉంది, ఎగ్గొట్టను. నా పరిస్థితి బ్రాంచికి రాసిస్తున్నా, అక్కడ మాట్లాడతా." వాడు ఊరుకోడు. "సాయంత్రం అయిదుకల్లా పదివేలన్నా వెయ్యండి సార్, లేకుంటే నా చేతుల్లో ఉండదు" అంటాడు. చేతిలో లేని డబ్బుకు తారీఖు చెప్పొద్దు. బ్రహ్మోత్సవాలకు బేరాలు బాగుంటాయిలే అని ఇప్పుడే ఒప్పుకున్నావంటే, ఆ రోజు నుంచి ప్రతి ఫోన్లో అదే ఎత్తి చూపుతారు.

వాని సొంత నంబరుకు ఫోన్‌పే చెయ్యమంటే ససేమిరా చెయ్యొద్దు. కట్టేది లోను ఖాతాకే కట్టాలి, రసీదు తీసుకోవాలి. చెక్కు అడిగినా ఇవ్వొద్దు. అసలు బాకీ కట్టలేకపోవడం సివిల్ తగాదా, దానికి పోలీసులు వచ్చి పట్టుకుపోరు. డబ్బుల్లేని చెక్కు బౌన్సయితే మాత్రం చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు పెట్టొచ్చు. నోటీసు అందినాక కట్టడానికి 15 రోజులే గడువు. అరెస్టు వారంటు అంటూ వాట్సాప్‌లో వచ్చే కాగితాలకు బెదరొద్దు. కోర్టు నుంచి నిజంగా సమన్లు వస్తే మాత్రం ఒక్కరోజు కూడా పక్కన పెట్టొద్దు, వెంటనే నాకు చెప్పు. నీ కారు ఈ లోనుకు తాకట్టు లేదు. కాబట్టి అలిపిరి దగ్గర ఆపి తాళాలు ఇమ్మనే హక్కు ఎవరికీ లేదు.

ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత రికవరీ ఫోన్లు చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే ఆదేశాలిచ్చింది. బూతులు తిట్టడం, నలుగురిలో పరువు తియ్యడం, ఇంట్లోవాళ్లనూ స్నేహితులనూ వేధించడం కూడా తప్పే. జామీను సంతకం పెట్టనివాళ్లకు నీ బాకీతో సంబంధం లేదు. ఈ మాట మీ అమ్మకు కూర్చోబెట్టి చెప్పు, పాపం ఆమె రాత్రిళ్లు నిద్రపోవడం లేదు.

హద్దు మీరితే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు. 30 రోజుల్లో బదులు రాకున్నా, వచ్చింది నచ్చకున్నా బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు, పైసా ఖర్చుండదు. చంపుతాం, ఫొటోలు మార్చి పంపుతాం అనే రకమైతే 30 రోజులు ఆగే పని లేదు, నేరుగా పోలీస్ స్టేషన్‌కు పో. ఆన్‌లైన్ బెదిరింపులైతే సైబర్‌క్రైమ్ పోర్టల్లో కూడా పెట్టు. న్యాయసలహా కావాలంటే న్యాయసేవాధికార సంస్థ వాళ్ల నంబరు 15100.

ఇవన్నీ ఒక ఎత్తు, బ్రాంచికి పోవడం ఒక ఎత్తు. వాయిదా తప్పి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ అవుతుంది, ఆ తర్వాత మేనేజరుకు కూడా వెసులుబాటు తగ్గిపోతుంది. నీకింకా టైముంది. గడువు పెంచి వాయిదా తగ్గించమని అర్జీ రాయి. కోడలి ఆపరేషన్ బిల్లులు, ఈ మూడు నెలల బేరాల లెక్క జతచెయ్యి. నీ దగ్గరుండే కాపీ మీద బ్రాంచి సీలు వేయించుకో. నెలకు ఎంత కట్టగలవో కోడలితో కూర్చుని లెక్క చూసుకుని, దానికంటే కొంచెం తక్కువే చెప్పు. బండికి రిపేరు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు!

సెటిల్‌మెంటుకు తొందరపడొద్దు. తక్కువకు మాఫీ అవుతుందని ఆశగా ఉంటుంది గానీ, నీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో "సెటిల్డ్" అని పడితే రేపు కొత్త బండికి లోను పుట్టడం కష్టం. తప్పనిసరై ఒప్పుకుంటే బ్యాంకు లెటరు చేతికొచ్చినాకే డబ్బు కట్టు, కట్టినాక నో డ్యూ సర్టిఫికెట్ తీసుకో.

ఈ బాకీ తీర్చడానికి ఇంకో యాప్‌లో మాత్రం అప్పు చెయ్యొద్దు హరీ. నీ కాంటాక్టులన్నీ లాక్కుని ఊరంతా ఫోన్లు చేసేది ఆ దొంగ యాప్‌లవాళ్లే. కోడలి నగలు కుదువ పెట్టాలనిపిస్తే కూడా నాతో ఒక్కమాట చెప్పినాకే పెట్టు.

ఆదివారం పొద్దున బస్సెక్కి రా. లోను అగ్రిమెంటు, ఆరు నెలల స్టేట్‌మెంటు, ఆ నోటుబుక్కు తెచ్చుకో. అర్జీ ఇద్దరం కూర్చుని రాద్దాం. సోమవారం బ్రాంచికి నేనూ వస్తా.

మీ మామ