కొత్త టీవీ కొనాలి: ఎంత సైజు, ఓలెడ్ మంచిదా, ఎల్ఈడీ మంచిదా?

ముందు సోఫాకీ టీవీ పెట్టే గోడకీ మధ్య దూరం టేపుతో కొలవండి. 4కె టీవీకైతే తెర మూల నుంచి మూలకి ఉన్న కొలతకు దాదాపు ఒకటిన్నర రెట్ల దూరం హాయిగా ఉంటుంది. 55 అంగుళాల తెరంటే సుమారు 140 సెంటీమీటర్లు, దానికి ఒకటిన్నర రెట్లంటే దాదాపు ఏడడుగుల దూరం.

ఇక ప్యానెల్, అంటే బొమ్మ కనిపించే తెర. ఓలెడ్‌లో ప్రతి పిక్సెల్ (బొమ్మలోని చిన్న చుక్క) తనంతట తానే వెలుగుతుంది, నలుపు కావాలంటే పూర్తిగా ఆరిపోతుంది. మామూలు ఎల్ఈడీ టీవీలో తెర వెనకో అంచుల్లోనో లైట్లుంటాయి. అందుకే చీకటి సీన్‌లో తెల్లటి సబ్‌టైటిల్ చుట్టూ బూడిదరంగు వెలుగు పరుచుకోవడం కనిపిస్తుంది. రాత్రిపూట లైట్లార్పి సినిమాలు చూసేవారికి నేను ఓలెడ్‌నే చెబుతాను. కానీ పగలంతా ఎండ పడే గదైతే, లేదా రోజంతా ఒకే న్యూస్ ఛానెల్ నడిచే ఇల్లయితే వద్దు. కదలకుండా ఉండే ఆ లోగో కొన్నేళ్లకు తెర మీద మచ్చలా మిగిలిపోవచ్చు. అలాంటిచోట మినీ ఎల్ఈడీ, అంటే తెర వెనక చాలా చిన్న ఎల్ఈడీ లైట్లు ఎక్కువగా ఉండే టీవీ మేలు.

షోరూమ్‌లో టీవీలు కళ్లు జిగేల్మనే మోడ్‌లో పెడతారు, దాన్ని చూసి మోసపోకండి. సినిమా మోడ్‌కి మార్చమని అడిగి, మనుషుల ముఖాల రంగు సహజంగా ఉందో లేదో చూడండి. పక్కకి జరిగి కూడా చూడండి, కొన్ని ప్యానెళ్లలో రంగులు వెలిసిపోతాయి.

గేమ్స్ ఆడేవాళ్లుంటే 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు బొమ్మ మారే తెర), హెచ్‌డీఎంఐ 2.1 (గేమ్ కన్సోల్ తగిలించే పోర్టు) ఉన్నాయా అని అడగండి.