హైదరాబాద్‌లో రేడియో టాక్ షో చేసేవాళ్ళ జీవితం ఎలా ఉంటుంది? పేరు, డబ్బు వస్తాయా?

ఆరేళ్ళు చేశాను కాబట్టి చెప్తున్నా. పేరొస్తుంది, ముఖం మాత్రం ఎవరికీ తెలీదు. డబ్బు మొదట్లో రాదు, తర్వాత వస్తుంది, ఆ తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోతుంది. మీరడిగినదానికి జవాబు ఇంతే. ఇక నేను చెప్పాలనుకున్నది చెప్తాను.

మాది శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర, ఉద్దానంలో ఓ పల్లె. ఇంట్లో అందరూ జీడిపిక్కలు కొడుతుంటే పక్కన విశాఖపట్నం ఆకాశవాణి మోగుతూ ఉండేది, 927 కిలోహెర్ట్జ్. హైదరాబాద్‌కి ప్రైవేటు ఎఫ్‌ఎంలు 2006లో వస్తే నేను 2014లో చేరాను. ఏ స్టేషనో అనవసరం. ఆడిషన్‌లో "గొంతు బాగుంది, ఆ సాగదీత తీసెయ్" అన్నారు. తీసేశాను. "నేదు" పోయి "లేదు" వచ్చింది, "ఏటి" పోయి "ఏంటి" వచ్చింది, "బేగి" అయితే పూర్తిగా పోయింది. అమీర్‌పేట రూమ్‌లో బకెట్ బోర్లించుకుని బాత్రూమ్‌లో కూర్చుని పేపర్ పైకి చదివేవాణ్ణి, గొంతు గుండ్రంగా వినిపిస్తుందని. మొదటి జీతం 14 వేలు. మూడు నెలలకి మా అమ్మ ఫోన్‌లో "ఎవలండీ మాటాడేది?" అంది. నేను నవ్వాను. గర్వంగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

టాక్ షో అంటే అమెరికాలో లాగా రాజకీయాలు దంచేయడం అనుకోకండి. మన దగ్గర ప్రైవేటు ఎఫ్‌ఎం సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ని ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షల సమాచారం, అధికారులిచ్చే ప్రకటనలు చెప్పుకోవచ్చు. అక్కడితో సరి. అందుకే రాత్రి షోలన్నీ ప్రేమ, బ్రేకప్, అత్తగారు. కాలనీలో మూడు రోజులుగా నీళ్ళు రావట్లేదని ఫోన్ చేసినవాడికి కూడా ఓ పాట వేసి పంపించేస్తాం. టీవీల్లో పొద్దస్తమానం గొంతులు చించుకోవచ్చట, రేడియోలో మాత్రం ఊరి సంగతి ఎత్తకూడదట. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంకో సంగతి. మీరు లైవ్ అనుకునే కాల్స్‌లో చాలావరకు లైవ్ కావు. పాట నడుస్తుండగా మాట్లాడి, రికార్డు చేసి, కత్తిరించి, పాటయ్యాక వేస్తాం. పది నిమిషాల ఏడుపు నలభై సెకన్లవుతుంది.

2018 అక్టోబర్ 11. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకి దగ్గర్లో తీరం దాటింది. పొద్దున్నించి మా ఇంటికి ఫోన్ కలవలేదు. ఆఫీసు టీవీలో కొబ్బరి తోటలు పడుకుని కనిపిస్తున్నాయి. అవి ఎవరివో తెలియదు, కానీ నాకు ప్రతి చెట్టూ మాదే అనిపించింది. రాత్రి తొమ్మిదికి మైకు ముందు కూర్చున్నా. ఆ రోజు టాపిక్ ఏంటో తెలుసా? "మీ క్రష్‌కి మీరు చెప్పలేని మాట."

పదిన్నరకి ఒక కాల్. కూకట్‌పల్లిలో సెంట్రింగ్ పని చేసే మనిషి. "బాబూ, నాకు పాటొద్దు. మాది వజ్రపుకొత్తూరు పక్క. పొద్దున్నించి మా యమ్మకి ఫోన్ కలవట్నేదు. నీకేటైనా తెలుసునేటి?"

నాకు తెలీకుండానే నోరు జారింది. "మాది మందస అన్నియ్యా. మావోళ్ళకీ కలవట్నేదు. కరెంటు స్తంబాలు పడిపోనాయంట, టవర్లు పంచెయ్యట్నేదు. గాబరా పడకు." ఇద్దరం ఎన్ని చెట్లున్నాయి, పశువులెక్కడ కట్టేస్తారు, ఇంటి మీద రేకులా పెంకులా అని మాట్లాడుకున్నాం. పాట మీద పాట, మధ్యలో ప్రకటనలు వేసి పదకొండు నిమిషాలు లాగాను. అద్దం అవతల ప్రొడ్యూసర్ వాచీ చూపిస్తూనే ఉన్నాడు.

ఫోన్ పెట్టాక ఎడిట్ చేయడానికి కూర్చున్నా. ఆయన మాటలు ఇరవై సెకన్లు ఉంచాను. నా మాటలు మొత్తం తీసేశాను. ఎవరూ తీసెయ్యమనలేదు. ఆ జాగాలో స్టేషన్ గొంతుతో మళ్ళీ చెప్పి అతికించాను: "ధైర్యంగా ఉండండి, అంతా మంచే జరుగుతుంది, మీ కోసం ఈ పాట."

అది గాల్లోకి వెళ్ళిన పావుగంటకి అదే నంబర్. ఎత్తి "హలో, చెప్పండి" అన్నాను.

"ఇందాక నాతో మాటాడిన బాబు ఉన్నాడేటండి? మందసబ్బాయి. రేడియోలో ఇంకెవలో మాటాడినారు. కంచిం ఆ బాబుకివ్వండి ఫోను."

"ఆయన డ్యూటీ అయిపోయి వెళ్ళిపోయారండీ" అన్నాను. ఆ గొంతుతోనే.

మా వాళ్ళు మూడో రోజుకి కలిశారు. కాశీబుగ్గలో ఎవరో జనరేటర్ పెట్టి డబ్బులకి ఫోన్లు చార్జింగ్ చేస్తుంటే నాన్న వరసలో నిలబడి చేయించుకున్నాడట. ఇరవై నాలుగు కొబ్బరి చెట్లకి మూడు మిగిలాయి. కూకట్‌పల్లి ఆయన మళ్ళీ చేయలేదు. నంబరు సిస్టమ్‌లో ఉంది, నేనూ చేయలేదు.

ఆ కాల్ అసలు రికార్డింగ్ ప్రొడ్యూసర్ విన్నాడు. మర్నాడు మీటింగ్‌లో "ఈ యాస భలే ఉంది, ఒక కామెడీ క్యారెక్టర్ చేద్దాం" అన్నారు. చేశాను. ఎనిమిది నెలలు. పేరు అప్పలకొండ, అన్నీ తప్పుగా అర్థం చేసుకునే వాచ్‌మన్. బైక్ ఈఎంఐ ఉంది, ఏం చేయను? మాల్ ఓపెనింగ్‌లకి పిలిచేవాళ్ళు, అప్పలకొండలా మాట్లాడమనేవాళ్ళు, నన్ను చూసి "ఇంత సన్నగా ఉన్నారేంటి" అనేవాళ్ళు. మీరడిగిన పేరు అదే మరి. సినిమాల్లో మా వాళ్ళు పనివాళ్ళుగా, అమాయకులుగా తప్ప కనబడరని ఇక్కడ పేజీలు పేజీలు రాసేవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పలకొండ గురించి మాత్రం ఇదే మొదటిసారి రాయడం.

2020 లాక్‌డౌన్‌లో ప్రకటనలు పోయాయి, వాటితో నా ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు కాశీబుగ్గలో చిన్న రికార్డింగ్ గది పెట్టుకున్నా. ఆటోల మీద తిరిగే మైకు ప్రకటనలు సగం నా గొంతే: చీరల సేల్, కంటి శిబిరం, కొత్త బిర్యానీ సెంటర్. 2024 ఆగస్టులో కేంద్రం 234 పట్టణాలకి 730 ఎఫ్‌ఎం ఛానెళ్ళు ఒప్పుకుంది, ఆ జాబితాలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. మీరు మా వైపు వాళ్ళయితే హైదరాబాద్ బస్సెక్కే ముందు కొంచెం ఆగి చూడండి.

మొన్న ఓ ఎరువుల షాపాయన వచ్చాడు. రెండు రకాలుగా చెప్పి వినిపించాను, ఒకటి స్టేషన్ గొంతు, ఒకటి మనది. రేటు రెండింటికీ ఒకటే.

"ఆ రెండోదొద్దు బాబూ, కామిడీగుంటాది. హైద్రాబాద్‌ది ఎట్టీ" అన్నాడు.